తిరిగివ్వకూడని కుండ

ఫిబ్రవరి 18

ఇంటికొచ్చి వారం. ఆఫీసువాళ్ళకి ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. నాయనమ్మకి ఆఫీసులో పని లేదని చెప్పాను. రెండు అబద్ధాలూ తారుమారు చేసి చెప్పినా సరిపోయేవి.

ఇవాళ పొద్దున్న నాయనమ్మ గంజి గిన్నె నా ముందు పెట్టి, నా మొహం వైపు చూడకుండా, "స్నానాల గదిలో ఆ పొట్లం వచ్చినప్పటినుంచీ విప్పలేదేమే?" అంది.

"ఏ పొట్లం?"

"ఆడపిల్లల పొట్లం."

చెప్పక తప్పలేదు. శరత్కాలపు పున్నమి పండగ తర్వాత నెలసరి మరి రాలేదు. ఆఫీసున్న షెన్‌జెన్‌లోనే పెద్దాసుపత్రికి వెళ్ళాను. రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒత్తిడి తగ్గించుకోండి అన్నారు. అది ఏ కొట్లో దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

"అన్నీ బాగుంటే ఎందుకు రాదు?" అని నాయనమ్మ చెప్పులేసుకుంది. గంజి సగంలో వదిలేసి నేనూ వెనకాల నడిచాను. ఇరవయ్యారేళ్ళొచ్చినా నాయనమ్మ చెప్పులేసుకుంటే మనం బయల్దేరాల్సిందే.

ఊళ్ళో వేర్ల మందులిచ్చే జువో డాక్టరుగారు నాన్నకి కూడా మందిచ్చారు. అప్పుడు జుట్టు నల్లగా ఉండేది. నా మణికట్టు చిన్న దిండు మీద పెట్టించి, మూడు వేళ్ళు ఆన్చి, కళ్ళు మూసుకుని, పక్కింట్లో గొడవ వింటున్నట్టు విన్నారు. తర్వాత నాలుక చాపమన్నారు.

"అంచులంతా పళ్ళ గాట్లు. సరిగ్గా తినడం లేదు, సరిగ్గా నిద్రపోవడం లేదు, ఎవరితోనూ సరిగ్గా పోట్లాడడం కూడా లేదు."

నాయనమ్మ పక్కనుంచి, "నాతో పోట్లాడుతుందండీ," అంది.

"అది లెక్కలోకి రాదు."

అతిమధురం, ఎండు రేగుపళ్ళు, అల్లం, నాకు పేరు తెలియని తెల్లటి వేరు బిళ్ళలు, అన్నిటికంటే ఎక్కువగా తాంగ్‌క్వీ వేరు. ఆ పేరుకి "తిరిగి రావాలి" అని అర్థం. ఏది తిరిగి రావాలో వేరుకి ఎలా తెలుస్తుందో. చల్లనీళ్ళు వద్దు, ముల్లంగి వద్దు, ఊరగాయ వద్దు, టీ వద్దు. ఈ ఊళ్ళో టీ వద్దనడమంటే గాలి తక్కువ పీల్చుకో అన్నట్టు.

మందుల కొట్టువాడు పొట్లాలు కట్టిచ్చి, డబ్బు తీసుకుని, తల పక్కకి తిప్పుకున్నాడు. మళ్ళీ రండి అనని కొట్టు ఊరు మొత్తం మీద అదొక్కటే.


ఫిబ్రవరి 19

మందు కాచడానికి కుండ లేదు.

కొత్త కుండ కొంటానన్నాను. నాయనమ్మ చెవులు మూసుకుంది. కొంటే జబ్బుని పిలిచి ఇంట్లో కాపురం పెట్టినట్టట. అరువు తెచ్చుకోవాలి. తెచ్చుకున్నది తిరిగివ్వకూడదు. ఇస్తే కుండతోపాటు రోగాన్నీ వాళ్ళ గుమ్మంలో దింపినట్టు. వాళ్ళకి అవసరం పడ్డప్పుడు వాళ్ళే వచ్చి పట్టుకెళ్ళాలి. ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి. కాలేజీకి వెళ్ళాక మర్చిపోయాననుకున్నాను. షెన్‌జెన్‌లో అయితే మీట నొక్కితే దానంతటదే కాగే కుండ దొరుకుతుంది, ఎవరి గుమ్మమూ తొక్కక్కర్లేదు.

నాయనమ్మ బస్సెక్కి ఎటో వెళ్ళి, మధ్యాహ్నానికి తువ్వాల్లో చుట్టిన కుండతో దిగింది. మసిబారిన మట్టికుండ. పక్కన పిడి, ముందు చిమ్ము, మూత అంచు కాస్త పగిలింది.

"ఎవరిది?"

"ఆరొంగ్‌ది."

నేను తువ్వాలు మడతపెట్టాను.

ఆరొంగ్ అంటే నన్ను కన్నావిడ. ఈ డైరీలో "ఆవిడ" అనే రాస్తాను. వేరే మాట రాస్తే తర్వాత ఏం రాయాలో తోచదు. నాన్న పోయిన కొన్నాళ్ళకి నది అవతల ఊరగాయల ఇంటికి కోడలిగా వెళ్ళింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. మారుమనువు చేసుకున్న మనిషి మొదటి మొగుడి గుమ్మం తొక్కితే ఉన్న ఇంటికి కీడు అని అక్కడి అత్తగారి పట్టుదల. అందుకని ఆవిడ ఇక్కడికి రాదు. నేను అక్కడికి వెళ్ళను. ఫోను చేస్తుంది. వాన పడుతోందా, అన్నం తిన్నావా. రెండే ప్రశ్నలు.

నాకేం కోపం లేదు. కుండ మంచిదే.


ఫిబ్రవరి 20

మందు మట్టి రుచిగా ఉంది. మట్టిలో ఎవరో అతిమధురం పాతిపెట్టి మర్చిపోయినట్టు. మూడు గిన్నెల నీళ్ళు ఒక్క గిన్నె అయ్యేదాకా సన్నటి మంట మీద కాచాలి. పక్కనుంచి కదలకూడదు. కదిలితే పొంగుతుంది, కూర్చుంటే పొంగదు. ఆఫీసులో పై అధికారి కూడా అచ్చం ఇలాగే.

తాగాక మిగిలిన పిప్పిని నాయనమ్మ సందు మొగలో, నాలుగు దారులూ కలిసే చోట పోసొచ్చింది.

"నలుగురూ తొక్కితే నీ జబ్బుని తలో కాస్త మోసుకుపోతారు."

"అంటే పక్కవాళ్ళకి అంటిస్తున్నావన్నమాట."

"అంతమందికి పంచితే ఒక్కళ్ళకీ తుమ్మైనా రాదే."


ఫిబ్రవరి 24

నిద్రపట్టింది. మధ్యాహ్నం. అయినా నిద్రే కదా.


మార్చి 1

మళ్ళీ జువో డాక్టరుగారి దగ్గరికి. ఈసారి ఒక్కదాన్నే.

"నాడి తీగలా బిగుసుకుని ఉంది. ఎవరి మీద కోపం?"

"ఎవరి మీదా లేదండీ."

"సరే. ఆ ఎవరూ కాని మనిషి కోసం ఇంకో రెండు వేర్లు రాస్తాను."

రాశారు కూడా. నవ్వలేదు. వెనక వరసలో మోకాళ్ళ నొప్పుల ముసలాయన మాత్రం నవ్వాడు.

ఇంటికొచ్చి కాచాను. నిన్నటికంటే చేదు.


మార్చి 6

దక్షిణపు గాలి మొదలైంది. గోడలకి చెమటలు, నేలకి చెమటలు, అద్దం తుడిస్తే వెంటనే మళ్ళీ మసక. ఉతికిన బట్టలు ఆరవు. ఈ డైరీ కాగితాలు కూడా మెత్తబడ్డాయి, పెన్ను దిగిపోతోంది.

పక్కింటి లియెన్ అత్త గొడ్డుమాంసం ఉండలు చేసి అమ్ముతుంది. ఇవాళ ఓ గిన్నెడు తెచ్చిచ్చింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే కుండని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదెక్కడిది? మీ నాయనమ్మ నన్నడగనే లేదే. మా ఇంట్లో అటక మీద ఖాళీగా పడుంది ఒకటి. ఇటు గోడ మీంచి అందిస్తే సరిపోయేది కదా!"

"నది అవతల్నుంచి తెచ్చింది."

"గోడ అవతల ఉండగా నది అవతల్నుంచా? ముసలితనం వచ్చేసింది పాపం," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం నాయనమ్మని అడిగాను.

"లియెన్ కుండ మాంసం కంపు కొడుతుంది."

"అది మందు కుండ నాయనమ్మా. దాంట్లో మాంసం ఎవరు వండుతారు?"

"దాని చేతులే కంపు. దాని చేతుల్లోంచి ఏం తీసుకున్నా కంపే," అని మూడు కప్పుల్లో టీ పోసుకుంది. ఎప్పుడూ మూడే పోస్తుంది. నాకు టీ లేదు కాబట్టి ఈ మధ్య మూడూ తనే తాగుతోంది. ఒకటో కప్పు తాగుతూ రెండోదాని వైపు, రెండోది తాగుతూ మూడోదాని వైపు చూస్తుంది.


మార్చి 7

పొద్దున్న మందు కాస్తూ ఆలోచించాను. ఆవిడ దగ్గర్నుంచి కుండ తెచ్చుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ దానికోసం వచ్చి తీరాలి. ఎవరో వచ్చి చెబితే కుదరదు, ఎవర్నో పంపితే కుదరదు. ఆ ఇంటి ఆడమనిషే రావాలి. ఊరగాయల ముసలావిడ కూడా దీన్ని కాదనడానికి లేదు.

నాయనమ్మకి ముసలితనం రాలేదు.


మార్చి 8

అయితే ఆవిడ కుండ కోసం రావాలంటే ఆ ఇంట్లో ఎవరికైనా జబ్బు చెయ్యాలి. ఆవిడకే కావచ్చు.

అలాంటివి నేను కోరుకోవడం లేదు. అసలు ఏమీ కోరుకోవడం లేదు.


మార్చి 13

వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా పొయ్యి దగ్గర్నుంచి లేచి చూస్తున్నానట. నాయనమ్మ అంది. పొయ్యి దగ్గర వేడిగా ఉంటుంది, అందుకని లేస్తాను.


మార్చి 17

వచ్చింది.

ఆవిడ కాదు. నెలసరి.

నాయనమ్మ ఎర్రరంగు వేసిన గుడ్డు ఉడకబెట్టి నా పళ్ళెంలో పెట్టింది. ఇప్పుడే ఈడేరినట్టు. లియెన్ అత్తకి ఎలా తెలిసిందో, గోడ మీంచి "శుభం!" అని అరిచింది. మూడు సందుల అవతలి పిల్లి కూడా విని ఉంటుంది.


మార్చి 19

జువో డాక్టరుగారు నాడి చూసి, ఈ పొట్లాలు అయిపోతే ఆపేయమన్నారు. వచ్చే నెల రాకపోతే మళ్ళీ స్కానింగ్ తీయించుకుని ఆ కాగితాలు పట్టుకుని రమ్మన్నారు. ముల్లంగి తినొచ్చు. టీ ఇంకొన్నాళ్ళు వద్దు.

"తీగ కాస్త వదులైంది. పూర్తిగా కాదు. ఆ ఎవరూ కాని మనిషితో మాట్లాడావా?"

"లేదండీ."

"నా వేర్లు చెయ్యగలిగింది అవి చేశాయి మరి."

నేను చూసుకోవాల్సిందేదో ఉందన్నట్టు ఆపేశారు.


మార్చి 22

కుండ కడిగి కిటికీలో పెట్టాను. ఖాళీగా ఉంటే ఇంకా పెద్దగా కనబడుతోంది. వంటింట్లో ఎటు తిరిగినా ఎదురొస్తోంది.

ఆఫీసునుంచి ఫోను. ఎప్పుడొస్తున్నావన్నారు. నెలాఖరుకి అన్నాను. ఇంక ఇక్కడ నాకేం పని? ఉన్న ఒక్క పనీ ఆ కుండే. అది ఇచ్చేస్తే అయిపోతుంది.

ఇవ్వకూడదని తెలుసు. కానీ అవన్నీ నమ్మే వయసు దాటిపోయింది. వస్తువు ఎవరిదో వాళ్ళకిచ్చి వెళ్ళడం మర్యాద. అంతకంటే ఏమీ లేదు.


మార్చి 24

వెళ్ళాను.

నాయనమ్మ గుడికి వెళ్ళే వేళ చూసుకుని, కుండని సంచిలో పెట్టుకుని, బస్సెక్కకుండా వంతెన మీద నడిచాను. నది మీద పొగమంచు. కుండ అడుగడుక్కీ తుంటికి తగులుతోంది, ఏదో గుర్తు చేస్తున్నట్టు.

ఊరగాయల కొట్టు నేను చిన్నప్పుడు ఒకసారి దూరంనుంచి చూసినట్టే ఉంది. గోడ వారగా మనిషంత జాడీలు, వీధంతా ఉప్పు, ఆవకూర వాసన. ముసలావిడ జాడీల మధ్య ఎత్తుపీట మీద కూర్చుని ఉంది.

"పాతదా, కొత్తదా? ఎంత కట్టను?"

నన్ను పోల్చుకోలేదు. సంచిలోంచి కుండ తీశాను. చిమ్ము ఇంకా పూర్తిగా బయటపడనే లేదు, ముసలావిడ పీట దిగిపోయింది.

"ఏయ్, ఏయ్! అక్కడే ఆగు! గుమ్మం మీద కాలు పెట్టకు! ఎవరి పిల్లవే నువ్వు? నీకు చెప్పేవాళ్ళెవరూ లేరా?"

"కుండ మీదేనండీ. పని అయిపోయింది, ఇచ్చేసి వెళ్దామని…"

"పని అయిపోయిందట! జబ్బు నిన్ను వదిలి మాకు పట్టాలని తెచ్చావా? చదువుకున్నదానిలా ఉన్నావు, అదేనా నేర్పింది? ఆరొంగ్! ఇటు రా! మన కుండ తెచ్చి మన మొహానే కొడుతోంది ఎవరో!"

ఆవిడ లోపల్నుంచి వచ్చింది. మోచేతుల దాకా ఉప్పునీళ్ళు. జుట్టు రబ్బరుబ్యాండుతో వెనక్కి లాగి కట్టుకుంది, నేను కట్టుకున్నట్టే. ముందు కుండని చూసింది, తర్వాత నన్ను. మళ్ళీ కుండని చూసింది.

"అన్నం తిన్నావా?" అంది.

వాన పడడం లేదు కాబట్టి రెండో ప్రశ్న లేదు.

"తిన్నాను," అన్నాను. తినలేదు.

ముసలావిడ అప్పటికే నన్ను పోల్చుకుంది. కీడు కడిగేయడానికి దానిమ్మ రెమ్మ ముంచి గుమ్మం మీద నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. నాలుగు చుక్కలు నా చెప్పుల మీద పడ్డాయి. ఆవిడ మాత్రం ఉప్పునీళ్ళ చేతులు రెండూ కాస్త ముందుకి చాచింది, అందుకుంటుందేమో అనుకున్నాను. కానీ చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

కుండని సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

నాయనమ్మ గుడినుంచి వచ్చి, నా చెప్పుల మీద తడి చూసి, ఎక్కడికెళ్ళావని కూడా అడగలేదు.

"గుమ్మం దాటావా?"

"లేదు."

"కుండ వాళ్ళ నేల మీద ఆనిందా?"

"లేదు."

"అయితే వాళ్ళకేమీ కాదు." టీకి నీళ్ళు పెడుతూ, "కొంచెం ఆని ఉన్నా బాగుండేది," అంది.


మార్చి 25

టిక్కెట్టు చూశాను. ఆదివారం ఉదయం బండిలో కిటికీ పక్క సీట్లు ఉన్నాయి.


మార్చి 26

కొనలేదు. వర్షం. వర్షానికీ టిక్కెట్టుకీ సంబంధం లేదని తెలుసు.


మార్చి 28

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్న ఎవరో తలుపు తట్టారు. మా సందులో ఎవరూ తలుపు తట్టరు, పేరు పెట్టి అరుస్తారు. తీస్తే ఆవిడ. గొడుగు మడిచి గోడకి ఆనించి, గుమ్మానికి అవతలే నిలబడింది. చేతిలో ఏమీ లేదు.

"కుండ పట్టుకెళ్దామని వచ్చాను."

"ఎవరికి? ఏమైంది? నీకా?"

"నాకు కాదు. మా అత్తగారికి దగ్గు."

"ఎప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచి. రెండుసార్లు దగ్గింది. నువ్వు కుండ చూపించి వెళ్ళావు కదా, దానివల్లేనట. కుండ ఇంట్లో లేకపోతే తగ్గదు, పోయి తెచ్చుకో అని తనే అంది." ఊపిరి తీసుకుంది. "మూడోసారి దగ్గేలోపల బస్సెక్కేశాను."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ కూడా నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది.

లోపల్నుంచి నాయనమ్మ గొంతు. "ఆరొంగ్! కుండ కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలోంచి అందుకోకూడదు. లోపలికొచ్చి, కూర్చుని, టీ తాగి మరీ పట్టుకెళ్ళాలి."

అలాంటి ఆచారం ఒకటుందని నేనెప్పుడూ వినలేదు.

"అలాగే అత్తయ్యా," అని ఆవిడ గుమ్మం దాటింది. కుడికాలా ఎడమకాలా నేను చూడలేదు. నాయనమ్మ చూసే ఉంటుంది.

కూర్చున్నాం. గోడలకి చెమటలు పడుతూనే ఉన్నాయి. ఆవిడ గోడ మీద నాన్న ఫొటో వైపు చూసింది, కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని మళ్ళీ చూసింది. నాయనమ్మ మూడు కప్పులూ వేడినీళ్ళతో కడిగి, రెండిట్లో టీ, ఒకదాంట్లో వట్టి వేడినీళ్ళు పోసింది. వేడినీళ్ళది నా ముందుకి తోసింది.

"ఇంకా టీ వద్దన్నారా?" అంది ఆవిడ. "ముల్లంగి తినొచ్చన్నారటగా."

"నీకెవరు చెప్పారు?"

ఆవిడ నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ కూజా మూత సర్దుకోవడంలో మునిగిపోయింది.

"అత్తయ్య ఫోనులో చెప్తూనే ఉంటుంది. నాలుక అంచుల్లో గాట్లున్నాయంది. ఏదీ, చూపించు."

చాపాను. ఇరవయ్యారేళ్ళ మనిషిని, షెన్‌జెన్‌లో నా కింద ముగ్గురు పనిచేస్తారు, నది అవతల్నుంచి ఊరగాయ వాసనతో వచ్చిన మనిషి ముందు నాలుక బయటికి పెట్టి కూర్చున్నాను. ఆవిడ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. వేళ్ళు గరుకుగా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. చూడ్డం ఎప్పుడో అయిపోయింది, గడ్డం వదల్లేదు.

"పోయాయి," అంది. "ఆ రోజు కొట్టు దగ్గర కుండ అందుకోవాలనే చేతులు చాచాను. అందుకుంటే నువ్వు ఇచ్చేసి వెళ్ళిపోతావు. అది నీ దగ్గరుంటేనే కదా నేను వచ్చేది."

నీళ్ళు తాగాను. చల్లారిపోయాయి, చల్లనీళ్ళు తాగొద్దని డాక్టరుగారు అన్నారు, ఇద్దరూ ఒకేసారి నా చేతిలోంచి కప్పు లాక్కోబోయారు.

మధ్యాహ్నం బస్సుకని లేచింది. నిద్ర పడుతోందా, బట్టలు ఆరుతున్నాయా, ఆఫీసులో కిటికీ ఉందా అని కొత్త ప్రశ్నలు చాలా అడిగింది. గొడుగు తీసుకుని సందులోకి దిగింది. నేను బల్ల మీదున్న కప్పులు తీయబోతే కుండ అక్కడే ఉంది.

నాయనమ్మ కుండని చూసింది. నేను నాయనమ్మని చూశాను. పరిగెత్తి గుమ్మంలోకి వచ్చి పిలిచాను.

"అమ్మా! కుండ!"

సందు మొగలో, మా పిప్పి పోసిన చోట, ఆగి వెనక్కి తిరిగింది. గొడుగు కింద మొహం సరిగ్గా కనబడలేదు.

"దగ్గు ఈపాటికి తగ్గిపోయి ఉంటుందిలే," అని అరిచింది. "మళ్ళీ దగ్గితే వస్తాను!"

గోడ మీంచి లియెన్ అత్త తల పైకి లేచింది. "ఎవరికే దగ్గు?"

లోపలికొచ్చేసరికి నాయనమ్మ కుండని కిటికీలో దాని చోట పెట్టేసి, ఫోనులో వాతావరణం చూస్తోంది.

"వచ్చేవారమంతా వానలేనట," అంది తృప్తిగా. "ఊరగాయల ముసల్దానికి వానలు అస్సలు పడవు."

ఆఫీసుకి ఫోను చేసి, వానలు వెలిశాక వస్తానని చెప్పాను.